చదివితే ఊళ్లో ఉంటారా, ఊరు దాటుతారా?

"పిల్లలు చదువుకుంటే వలసలు వాటంతటవే ఆగిపోతాయి." పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లా, వలసల మీద ఎక్కడ సభ జరిగినా ఈ మాట వినిపిస్తుంది. అదే జిల్లాలో ఏ ఊళ్లోనైనా ఓ పెద్దాయనను పలకరిస్తే ఇంకో మాట వినిపిస్తుంది: "మావోడు సదువుకున్నడు, పట్నం పోయిండు. ఇగ ఊరికి యాడొస్తడు?" రెండూ నిజాయితీగా చెప్పే మాటలే. మరి చదువు మనిషిని ఊళ్లో నిలబెడుతుందా, ఊరు దాటిస్తుందా?

ఈ చిక్కుముడి విప్పడానికి హైదరాబాద్ కంటే మంచి చోటు లేదు. చదువు లేక వచ్చినవాళ్లు, చదువు కోసం వచ్చినవాళ్లు, చదువు అయిపోయాక పని కోసం వచ్చినవాళ్లు, అందరూ ఇక్కడే పక్కపక్క బస్తీల్లో ఉంటారు.

పొద్దున ఏడింటికి నగరంలో ఏ పెద్ద కూడలి దగ్గర చూసినా లేబర్ అడ్డా కనిపిస్తుంది. సద్ది డబ్బా పెట్టుకున్న సంచి భుజానికి వేసుకుని జనం రోడ్డు పక్కన నిలబడి ఉంటారు. చేతిలో తాపీ ఉంటే మేస్త్రీ, బ్రష్షు ఉంటే పెయింటర్, ఏమీ లేకపోతే చేతి కూలీ. బండి ఆగితే పదిమంది చుట్టుకుంటారు. "ఎంతమంది కావాలె సార్?", "ఎంతిస్తరు?" బేరం నిమిషంలో తేలిపోతుంది. పదింటి దాకా ఎవరూ పిలవకపోతే ఆ రోజుకి పని లేనట్టే. సరిగ్గా అదే వేళకి అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో పొద్దుటి బ్యాచ్ మొదలవుతుంది. పైథాన్, టెస్టింగ్, క్లౌడ్, డేటా సైన్స్ అంటూ గోడల మీద ఒకదాని మీద ఒకటి ఫ్లెక్సీలు. ఆ పక్కనే హాస్టళ్లు. గదిలో ఎంతమంది ఉంటే అద్దె అంత తగ్గుతుంది కాబట్టి ఫోర్ షేరింగ్, ఫైవ్ షేరింగ్ మంచాలే ముందు నిండుతాయి. అడ్డా మీద నిలబడ్డాయనదీ, ఇక్కడ ల్యాప్‌టాప్ బ్యాగుతో మెట్లెక్కే కుర్రాడిదీ ఒకే మండలం కావచ్చు, ఒకే ఇంటిపేరు కూడా కావచ్చు.

లెక్కల్లో ఇద్దరూ వలస వచ్చినవాళ్లే. కానీ ఆ రెండు ప్రయాణాలు వేరువేరు. 2007-08లో జాతీయ నమూనా సర్వే వలసల మీద పెద్ద అధ్యయనం చేసింది. కొన్ని నెలలు బయటికి వెళ్లి మళ్లీ ఊరు చేరేవాళ్లలో ఎక్కువమంది పేదలు, చదువు లేనివాళ్లు, ఎస్సీ ఎస్టీలు అని అందులో తేలింది. ఊరు వదిలి వేరేచోట స్థిరపడినవాళ్లను చూస్తే ఇది తిరగబడింది. వాళ్లలో కాస్త ఉన్నవాళ్లు, చదువుకున్నవాళ్లు ఎక్కువ. ఈ తేడా చూడకపోతే మొదట చెప్పిన రెండు మాటలూ ఎప్పటికీ కొట్టుకుంటూనే ఉంటాయి. సభలో మాట్లాడేవాళ్ల మనసులో ఉన్నది మొదటి రకం వలస, పెద్దాయన చెప్పేది రెండోది. చదువు మొదటిదాన్ని తగ్గిస్తుంది, రెండోదాన్ని పెంచుతుంది.

మొదటిదాన్ని ఎందుకు తగ్గిస్తుందో తెలియాలంటే గుంపు మేస్త్రీని, అంటే కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లేవాణ్ని, అర్థం చేసుకోవాలి. పాలమూరులో నారాయణపేట, కోస్గి, మక్తల్ వైపు కొన్ని తరాలుగా మట్టి పనికి మనుషులు బయటికి పోతున్నారు. కాలువలు, కట్టలు, రోడ్లు, ముంబై, పుణె దాకా. మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్స్ ఇస్తాడు. ఆ డబ్బు పెళ్లికో, ఆస్పత్రికో, పాత అప్పుకో పోతుంది. తర్వాత ఆలుమగలిద్దరూ వెళ్లి ఆ బాకీ తీరేదాకా పని చేయాలి. ఎక్కడ పని, రోజుకి ఎంత, ఎంత తీరింది, ఎంత మిగిలింది అన్నీ మేస్త్రీ పుస్తకంలోనే ఉంటాయి. ఆ పుస్తకం చదవలేనివాడికి మేస్త్రీ చెప్పిందే లెక్క. భాష రాని ఊళ్లో బస్సు ఎక్కించేదీ, గుడిసె వేయించేదీ, యజమానితో మాట్లాడేదీ ఆయనే. అంటే చదువు లేకపోయినా మనిషి దూరం పోగలడు, కానీ ఇంకొకరి చేతిలో పడి పోతాడు. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అట్టడుగున. హైదరాబాద్ జిల్లాది 83 శాతం. మేస్త్రీ అడ్వాన్స్ అన్నాళ్లు అంత బలంగా నడవడానికి ఒక కారణం కరువైతే, రెండో కారణం ఈ అంకెలో ఉంది.

ఆ ఇంట్లో ఒక పిల్లో పిల్లాడో పదో తరగతి దాటితే మొదట మారేది ఇదే. ఫోన్‌లో ధర కనుక్కుంటారు, కాగితం చదువుతారు, లెక్క రాసుకుంటారు, నచ్చకపోతే అడ్వాన్స్ వద్దంటారు. నా దృష్టిలో చదువు వలసకి చేసే అన్నిటికన్నా పెద్ద మేలు ఇదే. అది జీతం అంకెల్లో కనిపించదు.

ఇక రెండో రకం. ఆర్థికవేత్త లారీ షాస్టాడ్ 1962లో వలసను పెట్టుబడిలా చూడాలన్నాడు. మనిషి ఇప్పుడు ఖర్చు పెట్టుకుని, కష్టపడి, అయినవాళ్లకు దూరమై వెళ్తాడు, ముందుముందు వచ్చే ఆదాయం అంతకంటే ఎక్కువ ఉంటుందనుకుంటేనే. పొలాన్ని ఎత్తుకుపోలేం, చదువును వెంట తీసుకెళ్లగలం. దానికి ఎక్కడ ఎక్కువ ధర పలికితే అక్కడికే పోతుంది. ఇంజనీరింగ్ పట్టాకి మక్తల్‌లో ఏ ధర పలుకుతుంది? 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు, అదే ఏడాది హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ మొదలైంది. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. కూలి పని చేసే ఇళ్ల నుంచి కూడా పిల్లలు బీటెక్ చదివారు, అది చిన్న విషయం కాదు. కానీ సీట్లు జిల్లాజిల్లాకీ వెళ్లాయి, ఉద్యోగాలు మాత్రం ఒక్క నగరం పడమటి అంచున కుప్పపడ్డాయి. చదువును పంచి పనిని పంచకపోతే, పంచిన చదువంతా పని ఉన్న చోటికే నడిచి వస్తుంది. తర్వాత కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, మహబూబ్‌నగర్‌లలో ఐటీ టవర్లు కట్టారు. మంచి పనే. అయితే ఒక టవర్ ఉన్న ఊళ్లో ఉద్యోగం పోతే ఇంకో కంపెనీ గుమ్మం ఎక్కడుంది? గచ్చిబౌలిలో అయితే రోడ్డు దాటితే చాలు. కుర్రాళ్లు నగరాన్ని ఎంచుకోవడంలో ఈ లెక్క కూడా ఉంది.

పైగా మన దగ్గర చదువే మొదటి వలస. 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. ఆ బాట పెరిగి పెద్దదై, ఇవాళ లక్షల మంది పేద పిల్లలు ఐదో తరగతికే పెట్టె సర్దుకుని హాస్టల్‌కి వెళ్తున్నారు. పది కాగానే కొందరికి బాసర ట్రిపుల్ ఐటీలో ఆరేళ్లు. పదేళ్ల వయసులో అమ్మానాన్నలను వదిలి ఉండటం నేర్చుకున్న పిల్లకి ఇరవై రెండేళ్లకి నగరం రావడం పెద్ద గండం కాదు. ఊరితో తెగాల్సిన ముడి అప్పటికే వదులై ఉంటుంది. గురుకులాలు ఇచ్చిన అవకాశం ఎంత గొప్పదో నాకు తెలుసు, ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. కానీ ఆ పిల్లలు ఊళ్లో ఉండిపోతారని ఎవరైనా అనుకుంటే, ఆ చదువు ఎలా నడుస్తుందో వాళ్లు చూడలేదన్నమాట.

చదువు లేనివాడి సంగతి, బాగా చదివినవాడి సంగతి తేలిగ్గానే అర్థమవుతాయి. మధ్యలో ఉన్నవాళ్ల సంగతే కష్టం. బీఏ, బీకాం, బీఈడీ చేసినవాళ్లు. వాళ్లను చూడాలంటే సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు ఉండే అశోక్‌నగర్, చిక్కడపల్లి వెళ్లాలి. సిటీ సెంట్రల్ లైబ్రరీ తలుపు తీయకముందే కుర్చీ కోసం క్యూ. చుట్టుపక్కల రీడింగ్ రూములు, జిరాక్స్ షాపులు, కరెంట్ అఫైర్స్ పుస్తకాలు పరిచిన ఫుట్‌పాత్‌లు, ఐదు రూపాయల భోజనం దగ్గర లైను. ఇరవై ఐదు, ముప్పై, ముప్పై మూడు ఏళ్ల మనుషులు. 2022 డిసెంబర్‌లో వచ్చిన తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్‌లో పోస్టులు 783, దరఖాస్తులు ఐదున్నర లక్షలు. ఒక్కో పోస్టుకి దాదాపు ఏడు వందల మంది. ఆ పరీక్ష వాయిదా మీద వాయిదా పడి చివరికి 2024 డిసెంబర్‌లో జరిగింది. ఆ రెండేళ్లూ గది అద్దె ఆగదు, మెస్ బిల్లు ఆగదు. ఆ డబ్బు ఊళ్లో కౌలు చేసే నాన్న దగ్గర్నుంచి వస్తుంది. నగరం నుంచి ఊరికి డబ్బు పోవాల్సింది పోయి ఊరి నుంచి నగరానికి వస్తోంది.

ఆర్థికవేత్తలు జాన్ హారిస్, మైకేల్ టొడారో 1970లో ఒక సంగతి చెప్పారు. నగరంలో నిరుద్యోగం ఉన్నా జనం ఎందుకు వస్తారంటే, వాళ్లు చూసేది దొరికిన జీతాన్ని కాదు, దొరుకుతుందనుకున్న జీతాన్ని. ఊళ్లో నెలకి పదిహేను వేలు వస్తాయనుకుందాం. నగరంలో అరవై వేల ఉద్యోగం దొరికే అవకాశం మూడింట ఒక వంతు ఉన్నా ఆ ఆశ విలువ ఇరవై వేలు. కాబట్టి రావడమే లాభం. కానీ ఏడు వందల్లో ఒక వంతు అవకాశానికి ఈ లెక్క చాలదు. అశోక్‌నగర్‌ని నిలబెడుతున్నది ఇంకొకటి. డిగ్రీ చేసినవాడు అడ్డా మీద నిలబడలేడు, నిలబడితే ఇంట్లోవాళ్లు తల దించుకుంటారు. ప్రైవేటు స్కూల్లో పది, పన్నెండు వేలకి పాఠం చెబితే పెళ్లి సంబంధం రాదు. సర్కారు నౌకరీ అయితే రేపటి గురించి టెన్షన్ ఉండదు, ఊళ్లో కుర్చీ వేస్తారు. చదువు అతనికి పాత పనులన్నీ కాకుండా చేసింది, కొత్త పని మాత్రం చూపించలేదు. ఇది ఒక్క హైదరాబాద్ గోడు కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఢిల్లీ మానవాభివృద్ధి సంస్థతో కలిసి 2024లో తెచ్చిన నివేదిక ప్రకారం 2022లో డిగ్రీ చదివిన యువతలో నిరుద్యోగం 29 శాతం. చదవడం రాయడం రానివాళ్లలో మూడున్నర శాతం లోపే. చదువు లేనివాడికి పని ఎక్కువ దొరుకుతోందని దీని అర్థం కాదు. పని కోసం ఆగే స్తోమత అతనికి లేదు, అంతే.

ఇంతవరకు చదివినవాళ్లు వెళ్లిపోతారని చెప్పుకున్నాం. దీనికి రెండో వైపు కూడా ఉంది: వెళ్లొచ్చనే ఆశ ఉన్నందుకే చదివేవాళ్లు. 1998లో అమెరికా చట్టం మార్చి ఏడాదికి 65 వేలున్న హెచ్-1బి పని వీసాల పరిమితిని 1,15,000కి పెంచింది. 2001 నుంచి మూడేళ్లు అది 1,95,000. సరిగ్గా ఆ కాలంలోనే అమీర్‌పేట అమీర్‌పేట అయింది. ఎంసెట్ రాయని ఇల్లంటూ లేకుండా పోయింది. 2004లో మళ్లీ 65 వేలకి దించారు. అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి మరో 20 వేలు పెట్టారు. కంప్యూటర్ నేర్చుకున్న వాళ్లలో అతి కొద్దిమందికే వీసా వచ్చింది. మరి మిగతావాళ్లు? గౌరవ్ ఖన్నా, నికోలస్ మొరాలెస్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే లెక్కగట్టారు. అమెరికా ఆశతో కంప్యూటర్ చదువు వైపు మళ్లి, వెళ్లలేక ఉండిపోయినవాళ్లూ, వెళ్లి తిరిగొచ్చినవాళ్లూ కలిసి భారత ఐటీ రంగాన్ని పెంచారని వాళ్లు తేల్చారు. మేధావులు పోతే దేశానికి నష్టమనే పాత వాదన ఇక్కడ సగమే నిలబడుతుంది. పదిమంది చదివి ఇద్దరు వెళ్తే, ఎవరూ చదవకుండా ఎవరూ వెళ్లని ఊరికంటే ఆ ఊరు ముందే ఉన్నట్టు. కాకపోతే ఆ ఎనిమిది మంది ఉండిపోయింది సొంత ఊళ్లో కాదు, హైదరాబాద్‌లో. దేశానికి లాభమైంది మక్తల్‌కి లాభం కాలేదు.

గల్ఫ్ దారి వేరు. అక్కడ చదువు పాస్‌పోర్టులోనే కనిపిస్తుంది. పదో తరగతి పాస్ కానివాడి పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) కిందికి వస్తుంది. 1983 నాటి వలస చట్టం ప్రకారం అతను గల్ఫ్‌కి పనికి పోవాలంటే ముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర అధికారి అనుమతి కావాలి. కాంట్రాక్టు చూస్తారు, ప్రవాసీ భారతీయ బీమా ఉండి తీరాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఈ మాటలు ప్రతి ఇంటికీ తెలుసు. పది పాసైనవాడికి ఆ అనుమతి అక్కర్లేదు. చదువుకున్నాడు కదా, తన మంచి చెడ్డ తను చూసుకుంటాడని చట్టం అనుకుంటుంది. కానీ పది పాసై ఎడారిలో అదే తాపీ పని, అదే క్లీనింగ్ పని చేసేవాడు ఎంతమంది లేరు? ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెట్టి విమానం ఎక్కిస్తే అతని పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. చదువు పెరిగినకొద్దీ రక్షణ తగ్గే ఈ ఏర్పాటు తప్పని నేను గట్టిగా అనుకుంటున్నాను. కాపాడాల్సింది సర్టిఫికెట్‌ను చూసి కాదు, చేయబోయే పనిని చూసి.

ఇంటి దగ్గర కూడా చదువుకీ వలసకీ చట్టం ఒక ముడి వేసింది. ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలనే నిబంధన) గొడవల నుంచి 1969 ఉద్యమం దాకా తెలంగాణలో అసలు తగాదా ఎవరు స్థానికుడు అన్నదే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు దానికి ప్రధానంగా బడిని కొలబద్దగా పెట్టింది: పదో తరగతి దాకా చివరి ఏళ్లు ఎక్కడ చదివావు? 2018 ఉత్తర్వు దాన్ని ఒకటి నుంచి ఏడో తరగతికి మార్చి, ఉద్యోగాల్లో స్థానికుల వాటాను 95 శాతం చేసింది. తాతలనాటి పొలం ఉన్న జిల్లా కాదు, బోనఫైడ్ సర్టిఫికెట్ ఉన్న జిల్లాయే సొంత జిల్లా. అడ్డా కూలీ తన బిడ్డను తెచ్చి బోరబండ బడిలో వేస్తే ఆ బిడ్డ ఉద్యోగాల లెక్కలో హైదరాబాద్ మనిషి, నాన్న ఊరికి నాన్‌లోకల్. ఏడేళ్ల పిల్లను ఎక్కడ చేర్చాలో నిర్ణయించే తల్లికి, ఇరవై ఏళ్ల తర్వాతి పోటీని కూడా నిర్ణయిస్తున్నానని తెలియదు.

ఆడపిల్లల సంగతి వేరేగా చెప్పుకోవాలి. 2011 జనగణనలో దేశంలో చోటు మారినవాళ్లు 45 కోట్లకు పైగా. అన్నిటికన్నా పెద్ద కారణం పెళ్లి. పని కోసం అన్నవాళ్లు పదింట ఒక వంతు, చదువు కోసం అన్నవాళ్లు నూటికి ఒకరు. అంటే తరతరాలుగా ఈ దేశంలో ఆడమనిషి ఊరు మారేది మూడు ముళ్లు పడ్డాకే. ఎస్సార్ నగర్, కూకట్‌పల్లి లేడీస్ హాస్టళ్లలో గేటు మూసే వేళలోపు పరుగెత్తుకొచ్చే అమ్మాయిలు ఆ లెక్కని కొంచెం కొంచెంగా మారుస్తున్నారు. తన పేరు మీద, తన జీతంతో, తను ఎంచుకున్న ఊరికి వచ్చిన మొదటి ఆడపిల్ల ఆ ఇంట్లో. ఇందుకు చదువు తప్ప ఇంకో దారి మన ఊళ్లు ఒప్పుకోలేదు. ఊరు ఖాళీ అవుతోందని బాధపడేవాళ్లకి నేను చెప్పేదల్లా, ఈ అమ్మాయిలను కూడా అదే బాధలో కలపకండి.

అయినా ఊరి సంపాదనకీ నగరం జీతానికీ ఇంత తేడా కనిపిస్తుంటే అందరూ ఎందుకు కదలరు? ఆర్థికవేత్తలు కైవన్ మున్షీ, మార్క్ రోజెన్‌జ్వైగ్ 2016లో దీనికో జవాబు ఇచ్చారు. ఊళ్లో కష్టం వస్తే ఆదుకునేది కులం, బంధువర్గం. ఊరు వదిలితే ఆ ఆసరా సన్నబడుతుంది. కాబట్టి జీతం ఎక్కువని తెలిసినా ఆగిపోతారు. చదువుతో నెలజీతం, పీఎఫ్, హెల్త్ కార్డు దక్కినవాడు ఆ ఆసరా లేకుండా నిలబడగలడు. కూలి మనిషి నిలబడలేడు. అందుకే అతను ఏటా వెనక్కి వెళ్తాడు.

మనవాళ్లు ఒక మెట్టు ఎక్కితే కింది మెట్టు ఖాళీగా ఉండదు. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతలతో పాలమూరుకి కొంత నీళ్లొచ్చాయి, పిల్లలు చదువుల్లో పడ్డారు. ఇప్పుడు తెలంగాణ వరి మళ్లల్లో నాట్లు వేయడానికి బిహార్, పశ్చిమ బెంగాల్ నుంచి మగవాళ్ల గుంపులు వస్తున్నాయి. తరాలుగా మన ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ చేసిన పని అది. హైదరాబాద్ టవర్ల సెంట్రింగ్, రాడ్ బెండింగ్ పనుల్లో జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కుర్రాళ్లు. 2020 మే 1న లాక్‌డౌన్‌లో దేశంలో మొదటి శ్రామిక్ రైలు కదిలింది లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకి. ఎక్కినవాళ్లు పన్నెండు వందల మంది దాకా. అప్పటిదాకా మన పక్కనే ఇంతమంది ఉన్నారని నగరానికి పట్టలేదు.

వీళ్లలో అందరికన్నా వెనకబడినవాళ్లు నగరం అంచున ఇటుక బట్టీల్లో ఉంటారు. ఒడిశాలోని బలాంగీర్, నువాపడ నుంచి దసరా తర్వాత బయలుదేరి, వానలు పడేముందు తిరిగి వెళ్తారు. అచ్చం పాలమూరు పద్ధతే: అడ్వాన్స్, దళారి, కుటుంబమంతా పని. పిల్లలు మట్టి పిసుకుతారు, అచ్చులు తిప్పుతారు, చంటిపిల్లను ఎత్తుకుంటారు. సీజన్ మొత్తం బడి నడిచే నెలల్లోనే పడుతుంది. అక్కడి బడిలో పేరు కొట్టేస్తారు, ఇక్కడి బడిలో తెలుగు అర్థం కాదు. చదువు లేక తండ్రి వలస వచ్చాడు, వలస వల్ల పిల్లకి చదువు లేదు, ఆ పిల్ల పెద్దయితే మళ్లీ అదే దళారి దగ్గర అడ్వాన్స్ తీసుకుంటుంది. చదువు వలసను ఎలా మారుస్తుందని అడిగేవాళ్లు, వలస చదువును ఏం చేస్తుందో ఇక్కడికి వచ్చి చూడాలి.

ఇది తెగని చుట్టు కాదు. రంగారెడ్డి జిల్లాలోనే శాంతా సిన్హా, ఆమె నడిపిన స్వచ్ఛంద సంస్థ ఎం.వి. ఫౌండేషన్ పని మాన్పించిన పిల్లల కోసం క్యాంపులు పెట్టి, కొన్ని నెలలు నేర్పించి, వయసుకి తగ్గ తరగతిలో కూర్చోబెట్టి చూపించారు. 2009 విద్యాహక్కు చట్టం అదే మాటను హక్కుగా రాసింది. టీసీ రాలేదని ఏ బడీ చేర్చుకోనని అనకూడదని కూడా అందులో ఉంది. బట్టీలు ఎక్కడున్నాయో, ఏ నెలలో జనం దిగుతారో రెండు రాష్ట్రాల అధికారులకూ తెలుసు. పిల్లలు దిగిన వారంలోనే దగ్గరి బడి రిజిస్టర్‌లో పేర్లు ఎక్కాలి, ఒడియా చదవడం వచ్చిన టీచర్ ఒకరు, ఒడియా పాఠ్యపుస్తకాలు ఉండాలి, జూన్‌లో తిరిగి వెళ్లేటప్పుడు ఎంతవరకు చదివారో రాసిన కాగితం చేతిలో పెట్టాలి. ఆ ఖర్చు ఇటుకలతో అపార్ట్‌మెంట్లు కట్టుకున్న నగరమే భరించాలి.